ముక్కతో పాటు నాలుగు మాటలు కూడా పంపండి

"ఫుల్ ప్యానెల్ చేసేయండి మేడమ్, డబ్బు సంగతి చూడొద్దన్నారు." ఈమధ్య ఈ మాట తరచుగా వింటున్నాను. ఫుల్ ప్యానెల్ అంటే ముక్క మీద ఉన్న మార్కర్ పరీక్షలన్నీ ఒకేసారి వేయడం. ఫోన్‌లో అవతల ఉండేది ఒక్కోసారి డాక్టరు, ఒక్కోసారి రోగి అల్లుడు, ఇంకోసారి డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు. వాళ్లు పంపిన సీసాలో అగ్గిపుల్ల మందం కూడా లేని ముక్కలు రెండో మూడో తేలుతుంటాయి. సీసాకి రబ్బరు బ్యాండు వేసి చుట్టిన కాగితం మీద పేరు, వయసు, కింద "లివర్ బయాప్సీ, మెట్స్?" అని, అంటే మరెక్కడి నుంచైనా పాకిందా అని ఉంటుంది. మనిషికి బాధేమిటి, ఎన్నాళ్ల నుంచి, ఇదివరకు ఏ ఆపరేషన్ అయింది, స్కానింగులో ఏం కనపడింది, ఇవేవీ ఉండవు. ఇరవై మార్కర్లకు డబ్బు కట్టడానికి సిద్ధపడే చోట ఇరవై మాటలు రాసేవాళ్లు కరువయ్యారు. నా ఫిర్యాదు అదే.

నేను పాథాలజిస్టుని. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక రాజమండ్రిలో ఒక ల్యాబ్‌లో స్లైడ్లు చూస్తున్నాను. రోగులకు మా మొహాలు తెలియవు. "ముక్క తీసి టెస్టుకి పంపారు" అంటారే, ఆ ముక్క చేరేది మా దగ్గరికి. లివర్‌లో గడ్డ కనపడగానే ఇంట్లోవాళ్లు లివర్ క్యాన్సర్ అనుకుంటారు. చాలాసార్లు అది మరెక్కడో పుట్టి రక్తంతో పాటు వచ్చి అక్కడ దిగినది. పేగులో పుట్టిందా, క్లోమంలోనా, ఊపిరితిత్తిలోనా, రొమ్ములోనా అన్నదాన్ని బట్టి మందులు మారతాయి, ఆయుర్దాయం లెక్కలు మారతాయి. మేం రోజూ వాడే గులాబీ, నీలం రంగుల అద్దకంలో క్యాన్సర్ అని తెలుస్తుంది, గ్రంథి కణాలదని కూడా తెలుస్తుంది. అంతకుమించి అడిగితే మైక్రోస్కోపు మౌనం వహిస్తుంది. నాలుగు చోట్ల పుట్టిన నాలుగు క్యాన్సర్లు ఒకే తీరున కనపడతాయి.

అక్కడ పనికొచ్చేవి ప్రోటీన్లు. ఒంట్లో అన్ని కణాల్లోనూ జన్యువులు అవే. ఏ అవయవంలో ఏ జన్యువు పనిచేస్తుంది, ఏ ప్రోటీన్ తయారవుతుంది అన్నదగ్గరే తేడా. పేగు కణం తనకు కావాల్సిన ప్రోటీన్లు చేసుకుంటుంది, థైరాయిడ్ కణం తనవి చేసుకుంటుంది. క్యాన్సర్ అయి లివర్‌కి చేరాక కూడా ఆ కణాలు పుట్టినచోటి ప్రోటీన్లలో కొన్నింటిని తయారుచేస్తూనే ఉంటాయి. మార్కర్లని మేం పిలిచే ఆ ప్రోటీన్లను పట్టుకునే పరీక్ష పేరు ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. ల్యాబుల్లో, ఆసుపత్రి బిల్లుల్లో ఐహెచ్‌సీ.

ముక్కని ఫార్మలిన్‌లో ఉంచి, నీరు తీసేసి, మైనంలో పోతపోస్తాం. ఆ బ్లాకు నుంచి మూడు నాలుగు మైక్రాన్ల పొరలు కోస్తాం. ఒక్కో పొర ఒక్కో గాజు స్లైడు ఎక్కుతుంది. ఒక్కో స్లైడు మీద ఒక్కో యాంటీబాడీ వేస్తాం. కుందేలు నుంచో ఎలుక నుంచో తయారుచేసిన ఆ యాంటీబాడీ తనకు నిర్దేశించిన ప్రోటీన్‌కే అతుక్కుంటుంది. దాని మీద ఎంజైమ్ మోసుకొచ్చే రెండో యాంటీబాడీ, ఆపైన డీఏబీ అనే రసాయనం. ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది, లేనిచోట నీలమే. ఆ గోధుమరంగు ఎక్కడ తేలిందన్నది కూడా చూడాలి. ఊపిరితిత్తికి గుర్తుగా వాడే టీటీఎఫ్-1 కణం మధ్యనున్న కేంద్రకంలోనే పడాలి. దానికి వాడే యాంటీబాడీ రకాల్లో ఒకటి మామూలు లివర్ కణాల్లో కేంద్రకం చుట్టూ కూడా గోధుమరంగు చూపిస్తుంది. దాన్ని చూసి 'పాజిటివ్' అని రాసేస్తే లివర్‌ని ఊపిరితిత్తి చేసినట్టే.

1941లో ఆల్బర్ట్ కూన్స్ అనే అమెరికన్ యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించడంతో మొదలైంది ఇదంతా. 1960ల్లో నకానే, పియర్స్ మెరిసే రంగు బదులు ఎంజైమ్ తగిలించారు. దాంతో మామూలు మైక్రోస్కోపు చాలింది. ఒకే లక్ష్యాన్ని పట్టుకునే మోనోక్లోనల్ యాంటీబాడీలను 1975లో కోలర్, మిల్‌స్టీన్ సాధించి 1984లో నోబెల్ అందుకున్నారు. వీళ్ల పేర్లు అందరూ చెబుతారు. నాకు ఇష్టమైన పేరు మాత్రం షాన్-రోంగ్ షీ. ఫార్మలిన్ ప్రోటీన్లను ఒకదానికొకటి ముడివేసేస్తుంది. ముక్క కుళ్లకుండా ఉంటుంది గానీ యాంటీబాడీకి పట్టు దొరకదు. ఆ ముడి ఎక్కువ వేడికి వీడుతుందని 1940ల నాటి రసాయనశాస్త్ర పత్రాల్లో ఉంది. షీ వాటిని లైబ్రరీలో వెతికి పట్టుకుని, స్లైడ్లను మైక్రోవేవ్‌లో ఉడికించి చూశాడు. 1991లో ఆ సంగతి ప్రచురించాక పాత మైనం బ్లాకులన్నీ మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టాయి. మా ల్యాబ్‌లో ఆ ఉడికించే పని చేసేది వంటింటి ప్రెషర్ కుక్కరే. కొత్తగా చేరిన టెక్నీషియన్లు దాన్ని చూసి మొదట్లో నవ్వుతారు. సమయం తప్పితే పొర స్లైడు మీద నుంచి లేచి నీళ్లలో కలిసిపోతుంది, అప్పుడిక నవ్వరు.

ఇంత శాస్త్రం ఉన్నప్పుడు రోగి కథతో పనేముంది అని అడగొచ్చు. ఒక్క ఉదాహరణ చెబుతాను.

కోనసీమ వైపు నుంచి ఒక పెద్దావిడ ముక్క వచ్చింది. నడుము నొప్పి, వెన్నుపూస ఒకటి కుంగింది, సూది వేసి ముక్క తీశారు. వేరే ఊళ్లో ఒక ల్యాబ్ అప్పటికే రిపోర్టు ఇచ్చేసింది: సీకే7 పాజిటివ్, సీకే20 నెగటివ్, టీటీఎఫ్-1 పాజిటివ్, కాబట్టి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎముకకు పాకింది. రెండో అభిప్రాయం కోసం నా దగ్గరికి తెచ్చారు. ముక్క నలిగిపోయి ఉంది, కణాల అమరిక తెలియడం లేదు. మార్కర్లు చూస్తే ఆ రిపోర్టులో లెక్క తప్పు లేదు. ఊపిరితిత్తి అడినోకార్సినోమాల్లో, అంటే గ్రంథి కణాల క్యాన్సర్లలో, ముప్పాతిక భాగం టీటీఎఫ్-1 చూపిస్తాయి. కానీ ఛాతీ స్కానులో ఏమీ లేదు. ఆవిడ చుట్ట, బీడీ ఎరగదు. కోడలికి ఫోన్ చేశాను.

"అత్తయ్యగారికి ఇదివరకు ఏదైనా ఆపరేషన్ అయిందా అమ్మా?"

"కాన్పు ఆపరేషన్ తప్ప ఇంకేం లేవండి."

"మెడ దగ్గర?"

"ఆఁ, గొంతు గడ్డ తీశారంటండి. నా పెళ్లికి ముందు మాట. అది క్యాన్సర్ అని ఎవరూ అనలేదండి మరి."

టీటీఎఫ్-1 ఊపిరితిత్తి కోసం పుట్టిన ప్రోటీన్ కాదు. జన్యువుల్ని పనిలో పెట్టే ప్రోటీన్ అది. ఊపిరితిత్తిలో గాలితిత్తులు ముడుచుకుపోకుండా చూసే పదార్థాన్ని చేయిస్తుంది, థైరాయిడ్‌లో థైరోగ్లోబులిన్ చేయిస్తుంది. రెండు చోట్లా అదే మేస్త్రీ, పనులు వేరు. మిగిలిన కాస్త ముక్క మీద థైరోగ్లోబులిన్, పాక్స్8 వేశాను. రెండూ గోధుమరంగు. ఊపిరితిత్తి కణాల్లో ఉండాల్సిన నాప్సిన్-ఏ మాత్రం లేదు. ఏళ్ల కింద తీసేసిన గొంతు గడ్డ నుంచి వెళ్లిన కణాలు అన్నాళ్లూ వెన్నులో ఉన్నాయన్నమాట. థైరాయిడ్ నుంచి ఎముకకు వెళ్లిన క్యాన్సర్‌కి రేడియో అయోడిన్ దారి ఒకటి ఉంది. ఊపిరితిత్తి కీమోకీ దానికీ పొంతన లేదు. ఇక్కడ జవాబు తెచ్చిపెట్టింది కోడలి మాట. రెండు యాంటీబాడీలు దాన్ని రూఢి చేశాయి. "మెడ ఆపరేషన్ అయింది" అన్న మూడు ముక్కలు మొదటి ఫారం మీదే ఉండి ఉంటే మొదటి ల్యాబ్ కూడా ఈ రెండూ వేసేది.

మార్కర్లు అసలేమీ చెప్పలేని చోట్లు కూడా ఉన్నాయి. మెడలో గడ్డ. ముక్కలో స్క్వామస్ కార్సినోమా, అంటే చర్మం, నోరు, గొంతు లోపలి పొరల తరహా కణాలు. పీ40 వేస్తే పాజిటివ్, సీకే5/6 పాజిటివ్. స్క్వామస్ అని ఖాయమైంది, సరే. నాలుకదా, గొంతుదా, అన్నవాహికదా, ఊపిరితిత్తిదా? ఆ రెండూ అన్నిటిలోనూ పాజిటివే. పీ16 వేస్తే పాపిలోమా వైరస్ సంగతి కొంత తెలుస్తుంది, టాన్సిల్ వైపు చూడమని సూచిస్తుంది, అంతే. శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో అడ్డపొగ తాగే అలవాటు ఇంకా ఉంది, ఎక్కువగా ఆడవాళ్లలో. చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని తాగుతారు. నిప్పు సెగకి అంగిలి క్యాన్సర్ వస్తుందని మన వైద్యులే ఎప్పుడో తేల్చారు. ఆ వైపు అమ్మ మెడలో గడ్డతో వస్తే టార్చి లైటు వేసి "నోరు తెరవమ్మా" అనడం ముందు పని. ఆ జవాబు ఏ సీసాలోనూ లేదు.

ఇంత చెప్పాక ఐహెచ్‌సీ అనవసరం అంటున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఈ పరీక్ష వల్ల మనిషి బతికిన సందర్భాలు నా బల్ల మీదే చూశాను. వాటిలో ఎక్కువ లింఫోమాలు, అంటే లింఫ్ కణాల క్యాన్సర్లు.

మెడలో గడ్డ అంటే మన ఊళ్లలో ముందు టీబీ మందులు మొదలుపెడతారు. మన దగ్గర టీబీ ఎక్కువ, ఆ అనుమానం సహజమే. ముక్క తీయకుండా నెలల తరబడి మందులు మింగించడమే నాకు మింగుడుపడదు. గడ్డ తగ్గకపోగా చంకలో ఇంకోటి లేచాక అప్పుడు ముక్క తీస్తారు. మైక్రోస్కోపులో పెద్ద పెద్ద కణాలు, ఏ అవయవం పోలికా లేకుండా ఉంటాయి. ఇలాంటి చోట "సరిగా రూపుకట్టని కార్సినోమా" అని రాసేసి ఊరుకున్న రిపోర్టులు నేను చదివాను. మూడే ప్రశ్నలు అడగాలి అక్కడ. సైటోకెరాటిన్ ఉందా? ఉంటే కార్సినోమా వైపు. సీడీ45 ఉందా? ఉంటే లింఫోమా వైపు. ఎస్100, సాక్స్10 ఉన్నాయా? ఉంటే మెలనోమా వైపు. సీడీ45 వెలిగి, ఆ తరవాత సీడీ20 కూడా వెలిగితే అది పెద్ద బీ-కణాల లింఫోమా కావచ్చు. ఒళ్లంతా పాకి ఉన్నా, ఆర్-చాప్ అనే మందుల వరసతో సగం మందికి పైగా పూర్తిగా నయమయ్యే జబ్బు అది. అదే మనిషిని ఎక్కడో పుట్టి పాకిన కార్సినోమా అని ఇంటికి పంపేస్తే ఆర్నెల్లు కూడా ఉండకపోవచ్చు.

లివర్ నిండా గడ్డలున్నాయని ఇంట్లోవాళ్లు ఆశ వదులుకున్న మనిషి ముక్కలో సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్ గోధుమరంగు తేలి, కణాల ఎదుగుదల చెప్పే కేఐ-67 మూడు శాతం లోపు వస్తే, అది మెల్లగా నడిచే న్యూరోఎండోక్రైన్ కణితి. నెలకో ఇంజెక్షన్‌తో ఏళ్ల తరబడి తిరిగేవాళ్లున్నారు. కడుపులో గడ్డని డాగ్1, సీడీ117 జిస్ట్ అని, అంటే జీర్ణనాళం గోడలో పుట్టే కణితి అని తేలిస్తే ఇమాటినిబ్ మాత్ర ఉంది. ఎముకలన్నీ నొప్పులతో మంచం పట్టిన పెద్దాయన ముక్కలో ఎన్‌కేఎక్స్3.1 పడితే ప్రోస్టేట్ నుంచి వచ్చిందన్నమాట. హార్మోన్ మందుతో మళ్లీ లేచి అరుగు మీద కూర్చోగలడు. ఆడమనిషి చంకలో గడ్డ, రొమ్ములో ఏమీ దొరకలేదు, గాటా3, ఈఆర్ (ఈస్ట్రోజెన్ హార్మోన్ రిసెప్టర్) రెండూ పాజిటివ్: రొమ్ము క్యాన్సర్ అనుకుని చికిత్స చేయాలి, ఫలితం బాగుంటుంది. వెతకాల్సినవి ముందు ఇవీ. మందు ఉన్న జబ్బు చేజారకూడదు.

అందుకే ఫుల్ ప్యానెల్ అంటే నాకు ఒళ్లు మండుతుంది. సూదితో తీసిన ముక్కలో వంద పొరలు రావు. ఒక్కో మార్కర్ ఒక్కో పొరను తినేస్తుంది; మధ్యలో బ్లాకుని మళ్లీ మళ్లీ మెషీను మీద పెట్టి సరిచేసిన ప్రతిసారీ ఇంకొన్ని వృథా. పాతిక మార్కర్లు వేసి ఊపిరితిత్తి అడినోకార్సినోమా అని తేల్చాక బ్లాకులో ఒట్టి మైనం మిగిలితే? మన దేశంలో ఆ క్యాన్సర్ రోగుల్లో సుమారు నాలుగో వంతు మందికి ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉంటుంది, వాళ్లకి కీమో బదులు రోజూ వేసుకునే మాత్ర ఉంది. ఆ జన్యు పరీక్షకు ముక్క కావాలి. మళ్లీ సూది వేయాలి. ఆయాసంతో ఉన్న మనిషికి రెండోసారి ఊపిరితిత్తిలో సూది అంటే చిన్న సంగతి కాదు. కథ తెలిస్తే మొదటి విడతలో మూడో నాలుగో వేస్తాను, వాటి జవాబు చూసి రెండో విడతలో రెండో మూడో. రిపోర్టు ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుంది. ప్యానెల్ ధరల పట్టిక పట్టుకుని తిరిగే మార్కెటింగ్ కుర్రాళ్లకు ఈ పద్ధతి నచ్చదు.

ఇక ముక్కని పంపే తీరు. దీని మీద నేను ఎంత రాసినా తక్కువే.

ముక్క ఒంట్లోంచి బయటపడిన క్షణం నుంచి దానికి రక్తం అందదు. ప్రోటీన్లు కరగడం మొదలవుతుంది. గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. మామూలు నీళ్లు కలిపిన ఫార్మలిన్ కాకుండా, ఆమ్లగుణం లేకుండా సరిచేసిన పది శాతం బఫర్డ్ ఫార్మలిన్ కావాలి. ముక్క పరిమాణానికి కనీసం పదింతలు ఉండాలి. అందులో కనీసం ఆరు గంటలు, ఎక్కువలో ఎక్కువ 72 గంటలు. రొమ్ము క్యాన్సర్ రిసెప్టర్ పరీక్షలకు ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క ఇది. మాకొచ్చేవి ఎలా ఉంటాయంటారా? సెలైన్‌లో తేలుతూ వస్తాయి. స్పిరిట్‌లో గట్టిపడి వస్తాయి. ఇంజెక్షన్ మందు ఖాళీ సీసాలో కుక్కి పంపితే లోపలికి వెళ్లేటప్పుడు మెత్తగా వెళ్లిన ముక్క ఫార్మలిన్‌కి గట్టిపడి బయటికి రాదు, సీసా పగలగొట్టాలి. ఫార్మలిన్ గంటకి మిల్లీమీటరు లెక్కన లోపలికి పోతుంది. రొమ్ము మొత్తం తీసి, కోయకుండా అలాగే డబ్బాలో పెట్టి, శనివారం సాయంత్రం పంపితే సోమవారం బస్సు పార్సిల్లో మా దగ్గరికి వచ్చేసరికి పైపొర బాగుంటుంది, మధ్యలో కణితి కుళ్లిపోయి ఉంటుంది. అదీ రెంటచింతల ఎండలు కాసే నెలల్లో. అలాంటి ముక్క మీద ఈఆర్ నెగటివ్ వచ్చిందంటే అది జబ్బు చెప్పిన జవాబా, డబ్బా చెప్పిన జవాబా? నేనైతే రిపోర్టులో ముక్క పరిస్థితి రాస్తాను. రాస్తే పంపినవాళ్లకి కోపం.

నెగటివ్ అన్న మాటకి ఎంత బరువుందో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ రాష్ట్రం తెలుసుకుంది. 1997 నుంచి 2005 దాకా అక్కడ చేసిన రొమ్ము క్యాన్సర్ హార్మోన్ రిసెప్టర్ పరీక్షల మీద అనుమానం వచ్చి, పాత బ్లాకుల్ని టొరంటోకి పంపి మళ్లీ చేయించారు. 380 మందికి పైగా ఫలితం తప్పని తేలింది. పాజిటివ్ అయి ఉండి నెగటివ్ అని రాయించుకున్న ఆడవాళ్లు టామాక్సిఫెన్ అనే చవక మాత్రకు దూరమయ్యారు. నిజం బయటపడేసరికి వాళ్లలో కొందరు లేరు. జస్టిస్ మార్గరెట్ కామెరాన్ విచారణ జరిపి 2009లో నివేదిక ఇచ్చారు. ఏ ఒక్కరి మీదో నెట్టేయడానికి వీల్లేకపోయింది. ముక్కను ఫార్మలిన్‌లో ఉంచిన తీరు దగ్గర నుంచి నాణ్యత పర్యవేక్షణ దాకా అన్నిచోట్లా చిల్లులే.

అది ఒక్క రాష్ట్రం సంగతి అనుకోవడానికీ లేదు. డెన్మార్క్ నుంచి నడిచే నార్డిక్యూసీ అనే సంస్థ దేశదేశాల ల్యాబులకు ఒకే ముక్కల స్లైడ్లు పంపి, రంగు వేయించి తెప్పించుకుని మార్కులు వేస్తుంది. రొమ్ము క్యాన్సర్ విభాగంలో సుమారు 20 శాతం, మిగతా వాటిలో సుమారు 30 శాతం స్లైడ్లు రోగనిర్ధారణకు సరిపోవని వాళ్లు 2016లో రాశారు. తమంతట తాము ముందుకొచ్చి పరీక్షకు కూర్చున్న ల్యాబుల సంగతి ఇది. అసలు కూర్చోని వాటి సంగతి ఊహించుకోండి. కాబట్టి రిపోర్టు మీద పాజిటివ్, నెగటివ్ అన్న రెండు మాటలే కనపడితే సరిపోదు. పాజిటివ్ అని ముందే తెలిసిన ముక్కను పక్కన పెట్టి అదే రోజు అదే రంగు వేశారా, అది సరిగ్గా పడిందా, మన ముక్క ఎన్ని గంటలు ఫార్మలిన్‌లో ఉంది, ఈ మూడూ రిపోర్టులో ఉండాలి. అడగండి. అడిగితే చిరాకు పడే ల్యాబ్ ఎలాంటిదో మీకే అర్థమవుతుంది.

ఇక డబ్బు. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. తెలంగాణలో ఆ పేరుతోనే, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. ఆపరేషన్‌కి, కీమోకి, రేడియేషన్‌కి ఆ పథకం పేదవాడికి పెద్ద ఆసరా, అందులో అనుమానం లేదు. కానీ జబ్బేమిటో తేలాకే కదా ఆ తలుపు తెరుచుకునేది. తేలే దాకా అయ్యే ఖర్చు, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది జేబులోంచి పెడుతున్నారు. ఒక్కో మార్కర్‌కి విడిగా బిల్లు. పుస్తెలు తాకట్టు పెట్టి ఐహెచ్‌సీకి డబ్బు తెచ్చిన ఇల్లాలిని చూశాను, తరవాత వచ్చే చికిత్స ఉచితం అయినా సరే. తప్పు మందుతో నాలుగు విడతల కీమో ఇచ్చి పథకం కట్టే బిల్లు కంటే ముందు నాలుగు యాంటీబాడీలకి కట్టేది తక్కువ. ఇది దయ సంగతి కూడా కాదు, ఖజానా లెక్కే.

ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఏం ఉండాలో నన్నడిగితే పొడుగాటి జాబితా ఇవ్వను. పాన్-సైటోకెరాటిన్, సీడీ45, సీడీ20, ఎస్100, సీకే7, సీకే20, టీటీఎఫ్-1, పీ40, సీడీఎక్స్2, గాటా3, ఈఆర్, పాక్స్8, ఎన్‌కేఎక్స్3.1, సినాప్టోఫైసిన్. మొదటి విడత ప్రశ్నలకు ఇవి చాలు. మిగతావి పెద్ద కేంద్రాల్లో ఉంటే సరిపోతుంది. ప్రతి కాలేజీకీ ఒక యంత్రం కొనిచ్చి రిబ్బను కత్తిరించడం మాత్రం వద్దు. యాంటీబాడీ సీసాలు ఫ్రిజ్‌లో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి, వాటికి గడువు తేదీ ఉంటుంది. ఇండెంటు పెట్టిన ఎన్నాళ్లకో వచ్చిన సీసా, వారానికి రెండు కేసులు కూడా లేక సగం వాడకుండానే గడువు దాటిపోవడం నేను ఉద్యోగంలో ఉండగా చూసిన తంతే. నాలుగైదు జిల్లాల బ్లాకులు ఒకచోటికి చేరేలా చూడండి. అక్కడ చెయ్యి తిరిగిన టెక్నీషియన్‌ని బదిలీ చేయకుండా ఉంచండి. జిల్లా, ఏరియా ఆసుపత్రి థియేటర్లకు ఖరీదైనవేమీ వద్దు. వెడల్పు మూతి డబ్బాలు, బఫర్డ్ ఫార్మలిన్, ఖాళీలు నింపకపోతే కంప్యూటర్ ముందుకు కదలనివ్వని ఫారం, ఇవి ఇస్తే చాలు. "ఫారం నింపే టైమెక్కడుంది మేడమ్?" అంటారు సర్జన్లు. ఓపీ రద్దీ నాకు తెలియనిది కాదు. హౌస్ సర్జన్ చేతే రాయించండి. వాళ్లకీ రోగిని అడగడం అలవడుతుంది.

నా మాటకి ఎదురుమాట ఒకటుంది, న్యాయమైనదే. పుట్టిల్లు తెలిసినంత మాత్రాన మనిషి ఎక్కువకాలం బతుకుతాడా? ఎంత వెతికినా మూలం దొరకని క్యాన్సర్లు మొత్తంలో రెండు నుంచి అయిదు శాతం దాకా ఉంటాయి. అలాంటివాళ్ల మీద జపాన్‌లో ఒక ప్రయోగం చేసి 2019లో ప్రచురించారు. జన్యు పరీక్షతో మూలాన్ని అంచనా కట్టి దానికి తగ్గ మందు ఒక వర్గానికి, అందరికీ ఇచ్చే మామూలు కీమో రెండో వర్గానికి ఇచ్చారు. మొదటి వర్గం బాగుపడింది లేదు. ఫ్రాన్స్ వాళ్లు నడిపిన ప్రయోగంలోనూ అదే ఫలితం. 2024లో వచ్చిన క్యూపిస్కో ప్రయోగంలో మూలాన్ని వదిలేసి, కణితిలో ఏ జన్యువు చెడిందో చూసి దానికి మందు ఇస్తే, జబ్బు ముదరకుండా ఆగిన కాలం 4.4 నెలల నుంచి 6.1 నెలలకు పెరిగింది. గొప్ప గెలుపని ఎవరూ అనరు. వీటిని చూసి నేను తీసుకున్న పాఠం, వెతుకులాటకి హద్దు ఉండాలని. పైన చెప్పిన లింఫోమా, ప్రోస్టేట్, థైరాయిడ్, రొమ్ము, న్యూరోఎండోక్రైన్ లాంటివి కాదని తేలాక, మంచం దిగలేని ఎనభై ఏళ్ల మనిషికి ఇది క్లోమమా పిత్తనాళమా అని ఇంకో పది మార్కర్లు వేయడం ఎవరి కోసం? ఆ రెండింటినీ మార్కర్లతో విడదీయడం ఎలాగూ కష్టమే. నొప్పి తగ్గించే మందు ఆ జవాబు కోసం ఆగక్కర్లేదు.

కాబట్టి అప్పుడప్పుడూ నా రిపోర్టు "మూలం నిర్ధారించలేకపోయాం" అని ముగుస్తుంది. ఇంట్లోవాళ్లు కాగితం పట్టుకుని వస్తారు. "ఇంత ఖర్చు పెట్టించి తెలీదని రాశారేంటండీ?" అంటారు. ఏవి కాదో తేలిందని, కాదని తేలినవాటి జాబితా చూపించి చెబుతాను. కొందరు వింటారు. కొందరు ఇంకో ల్యాబ్‌కి వెళతారు, వెళ్లనీ, అది వాళ్ల హక్కు. వెళ్లేటప్పుడు మాత్రం ఒట్టి రిపోర్టు పట్టుకెళ్లకండి. బ్లాకునీ స్లైడ్లనీ అడగండి, అది మీ ఒంట్లోంచి తీసిన ముక్క, ఇవ్వాల్సిందే. పాత ఆపరేషన్ కాగితాలుంటే, ఎంత పాతవైనా సరే, వాటినీ జతచేయండి. ఎండాకాలంలో బ్లాకుని స్కూటర్ డిక్కీలో పెట్టి తిప్పకండి. ఆ మైనం అరవై డిగ్రీల లోపే కరుగుతుంది. ముక్క చెదిరిపోయిందంటే మళ్లీ సూది తప్పదు.